ఊజింగ్ అనే మాట

మగవాళ్ళ సర్జికల్ వార్డులో తెల్లారగానే మొదట వినిపించేది దగ్గు. ఆ తర్వాత వినిపించేది కట్లక్క బండి. బండి అంటే పెద్దదేం కాదు. దూది, గాజుగుడ్డ, కట్టుచుట్టలు, మందునీళ్ళ సీసాలు పెట్టుకుని తోసుకుపోయే ఇనప అరల బండి. దాని ముందు చక్రం ఒకటి తిరగదు, ఈడ్చుకుంటూ వస్తుంది. బాగు చేయించమని ఆమె అడగడం మానేసి ఏళ్ళయింది.

ఆమె అసలు పేరు కింద ఆఫీసు గదిలో వాళ్ళకు తెలిసే ఉంటుంది. వార్డుకు మాత్రం ఆమె కట్లు కట్టే అక్క. ఆ పిలుపు నోళ్ళలో నలిగి నలిగి కట్లక్క అయింది. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. కాలు కుళ్ళి మంచమెక్కినవాడికి వయసులూ వరసలూ చూసుకునే ఓపిక ఉండదు.

డాక్టరమ్మ రౌండ్లకు వచ్చేసరికి కట్లక్క అన్ని మంచాలూ ఒక చుట్టు చూసి ఉండాలి. డాక్టరమ్మ ప్రతి మంచం కాళ్ళ దగ్గరా ఆగుతుంది. రోగి ముఖం కేసి ఒకసారి చూసి, కట్లక్క ముఖం కేసి చూస్తుంది. అప్పుడు కట్లక్క ఒక్క మాట చెప్పాలి. కట్టు పొడిగా ఉంటే డ్రై. తడి తగులుతుంటే ఊజింగ్. ఆ రెండు మాటల మధ్యే వార్డు వార్డంతా బతుకుతోంది. డ్రై అంటే ఇల్లు. ఊజింగ్ అంటే ఇంకా ఇక్కడే, ఒక్కోసారి మళ్ళీ ఆపరేషన్ థియేటర్.

డిక్షనరీలో ఆ ఇంగ్లీషు మాటకు నెమ్మదిగా స్రవించుట అని అర్థం రాసి ఉంటుంది. స్రవించుట అని రాసిన పెద్దమనిషి జన్మలో ఒక్క కట్టు కూడా విప్పి ఉండడు. కట్లక్క ఆ మాటను పుస్తకంలో నేర్చుకోలేదు. వార్డు ఊడ్చే ఆయాగా చేరిన కొత్తల్లో, అప్పటి కట్లాయన దగ్గర నేర్చుకుంది. ఆయన ముసలివాడు, నోటి నిండా కసురు. ఒకరోజు సాయానికి ఎవరూ లేక ఆమె చేతిలో చీపురు పక్కన పెట్టించి, గిన్నె పట్టుకోమన్నాడు. ఆమె పుండును చూసి ముఖం తిప్పుకోలేదు. అది చాలింది ఆయనకు. మర్నాటి నుంచి గిన్నె ఆమె చేతికే వచ్చింది, చీపురు మాత్రం ఇంకో రెండేళ్ళు పోలేదు.

"బ్లీడింగ్ అంటే పరిగెత్తడం," అనేవాడాయన. "నువ్వు చూస్తుండగానే కనబడుద్ది. అది ఏ దద్దమ్మైనా చెప్తాడు. లీకంటే కారడం, బొట్టు బొట్టుగా పడుద్ది, దాన్నీ చూడొచ్చు. ఊజింగ్ అట్టా కాదు పిల్లా. నువ్వు గుడ్లప్పగించి చూసినా కదలదు. అటెళ్ళి ఇటొచ్చేసరికి కదిలుంటది."

"మన భాషలో ఏమనాలి మరి?"

"రసి కారుతోందని. కానీ వాడి మంచం దగ్గర నిలబడి ఆ మాటంటే వాడా పూట అన్నం తింటాడా? అందుకే ఇంగ్లీషు. అర్థం కాకపోతే ఆకలేస్తుంది."

ఆయన పోయాక వార్డులో ఆ చిన్న వెసులుబాటు కూడా పోయింది. రోగులకు ఇంకేం పని, ఆ మాటను పట్టేశారు. పరీక్ష ఫలితాలు అడిగినట్టు ఒకరినొకరు "నీకు ఊజింగా, డ్రైయా?" అని అడిగేవాళ్ళు. ఒకావిడ ఇంటికి ఫోన్ చేసి మా ఆయనకు ఊజింగ్ జ్వరం వచ్చిందని చెప్పింది. ఇంకొకడు, మాకు మొన్నటిదాకా ఉండేది, తగ్గిపోయింది అని గొప్పగా చెప్పుకున్నాడు. చదువుకునే కుర్ర డాక్టర్లు మెట్ల దగ్గర నిలబడి, ఫలానా ప్రొఫెసరులో ఆత్మవిశ్వాసం ఊజ్ అవుతుందని ఇంగ్లీషులో అనుకుంటుంటే కట్లక్క విని, పాపం ఆయనకు ఎక్కడ తెగిందో అనుకుంది. మనుషుల్లోంచి బయటికొచ్చేవాటిలో మంచిది ఏదీ ఆమె చూసి ఉండలేదు.

ముసలాయన నేర్పినవాటిలో మిగిలింది ఇంకొకటి ఉంది. పెన్నుగీత. ఆపరేషనయ్యాక మొదటి కట్టును వెంటనే విప్పరు, గాయానికి గాలి తగలకూడదు. పైన కట్టు మీద చిన్న మరక తేలుతుంది. ఆ మరక అంచు వెంబడి నీలం పెన్నుతో గీత గియ్యాలి. రేపు చూసినప్పుడు మరక గీతలోపలే ఉంటే గాయం ఆరుతోంది. గీత దాటితే లోపల ఇంకా ఊరుతోంది. కళ్ళతో చూడలేని కదలికను పట్టుకోవడానికి మనిషికి దొరికిన ఉపాయం అంతే. కట్లక్క బొటనవేలు ఏళ్ళ తరబడి కట్లు బిగించీ బిగించీ బిగుసుకుపోయింది. గీత సగంలో పెన్ను ఎత్తి మళ్ళీ పెడుతుంది. అందుకే ఆమె గీత ఎప్పుడూ ఒకచోట తెగి, వంకరపోయి ఉంటుంది.

ఈసారి కిటికీ పక్క మంచం మీద ఉన్నది ఆమె మొగుడు.

ఆయన టైలరు. షుగరు ఉన్న కాలు. కుట్టుమిషను తొక్కీ తొక్కీ కుడికాలి వేలు ఒరుసుకుపోతే వారం పాటు ఆమెకు చూపించలేదు. ఊళ్ళో అందరి పుళ్ళూ కడిగి వచ్చిన మనిషి ఇంటికొచ్చాక మళ్ళీ పుండు చూడాలా అనుకున్నాడట. జాలిపడి దాచాడో, భయపడి దాచాడో ఆయనకే తెలియాలి. చూసేసరికి రెండు వేళ్ళు నల్లబడ్డాయి. వాటిని తీసేశారు. తీసిన రోజు డాక్టరమ్మ ఇద్దరితోనూ విడమరచి చెప్పింది: ఇక్కడితో ఆరితే పాదం ఉంటుంది, లోపల్లోపల మడమ వైపు పాకితే పాదం పోతుంది, అప్పుడు కూడా ఆలస్యం చేస్తే మోకాలి వరకూ వెళ్తుంది.

టైలరు అదంతా విన్నాడు. కానీ మంచం మీద పడుకుని ఆయన చూసింది వేరు.

"ఏమే, రేపు ఆవిడ వచ్చినప్పుడు నువ్వా మాట అనవు కదా?" అన్నాడు, మధ్యాహ్నం ఆమె అన్నం గిన్నె తెచ్చినప్పుడు.

"ఏ మాట?"

"తెలీనట్టు మాట్లాడకు. నీ ఊతపదం."

"తడి ఉంటే అంటాను, లేకపోతే అనను. నేనేమైనా ఇంట్లోంచి కల్పించుకుని వస్తున్నానా?"

"ఆ మూల మంచం ముసలాయన్ని ఏం చేశావ్? పొద్దున నువ్వన్నావ్. మధ్యాహ్నానికి తోసుకెళ్ళారు, మోకాలు లేకుండా తెచ్చారు. తలుపు పక్క మంచం వాచ్‌మన్ సంగతీ అంతే. నువ్వు నోరు తెరిస్తే చాలు, అక్కడ కత్తి లేస్తోంది."

"కత్తి లేచింది నా నోటికి కాదు, వాళ్ళ కాలికి."

"నాకు కనిపించింది నీ నోరే."

పక్క మంచం మీద చెయ్యి విరిగి, లోపల రాడ్డు వేయించుకున్న తాపీమేస్త్రీ ఉన్నాడు. కట్లక్కను అక్కా అంటాడు గనుక టైలరును బావా అంటాడు. ఆ వరస మేస్త్రీకి చాలా సుఖంగా అమరింది, ఎందుకంటే బావను ఎన్నైనా అనొచ్చు.

"బావా, అక్కని అంత మాటనకు," అన్నాడు మేస్త్రీ. "నన్ను మూడుసార్లు ఊజింగ్ అంది. చెయ్యి ఇంకా ఉంది, చూడు." కట్టున్న చెయ్యి కాస్త ఎత్తి చూపించాడు. "పనికొస్తుందా అని అడక్కు. చూడ్డానికైతే ఉంది."

"నీది చెయ్యిరా. నాది బతుకుతెరువు."

"నేనేమైనా కాలితో గోడ కడతానా బావా?"

కట్లక్క నవ్వలేదు. ఆమె అన్నం కలిపి, గిన్నె ఆయన ఒళ్ళో పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది. వార్డులో పనిచేసేవాళ్ళు రోగి మంచం మీద కూర్చోకూడదు. మొగుడి మంచమైనా మంచమే. ఉదయమంతా అందరి కట్లూ చూసి, మధ్యాహ్నం ఈయనకు తినిపించి, సాయంత్రం కింద కొళాయి దగ్గర ఆయన బట్టలు పిండుకుని, తర్వాత బస్సులో నిలబడి ఇంటికెళ్ళి వంట చేసుకోవడం. ఎన్ని రోజులుగానో ఆమెకు నడుము వాలిస్తే నిద్ర రాదు, నిలబడితే వస్తుంది. ఆయన ఇంటికొస్తే బాగుండునని ఆయనకన్నా ఎక్కువగా ఆమెకే ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే అదే పట్టుకుని వేలాడతాడు.

"నేను ఇంటికొస్తే ఆరిపోద్ది," అన్నాడు ఆయన ముద్ద మింగుతూ. "నా ఇంట్లో, నా మంచం మీద. ఇక్కడ ఈ వాసనకే ఆరడం లేదు."

"సరే తిను."

"సరే అన్నావు. మేస్త్రీ, విన్నావుగా, సరే అంది."

"తినడానికి అంది బావా."

మర్నాడు రౌండ్లకు కొంచెం ముందు కట్లక్క బండి కిటికీ వైపు వచ్చింది. టైలరు దిండుకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. తల దువ్వుకున్నాడు. ఎప్పుడూ ఆమె రాగానే ఏదో ఒకటి సణిగే మనిషి, ఆవేళ చదువులో ముందుండే పిల్లాడిలా చేతులు కట్టుకుని ఉన్నాడు. మేస్త్రీ కళ్ళు మూసుకుని ఉన్నాడు గానీ, నిజంగా నిద్రపోయేవాడు రెప్పల్ని అంత గట్టిగా బిగించడు.

ఆమె దుప్పటి తొలగించి పాదం చూసింది. కట్టు శుభ్రంగా ఉంది. చిన్న మరక, చుట్టూ నీలం గీత. మరక గీత దాటలేదు. అసలు అంచును కూడా తాకలేదు. ఇంట్లో ఆయన మంచం ఎటు వైపు వెయ్యాలో ఆమె అప్పుడే అనుకుంది. 

తర్వాత గీతను చూసింది.

గీత ఎక్కడా తెగలేదు. పెన్ను ఎత్తకుండా ఒకే ఊపులో, జాకెట్టు చంక తిప్పినంత నున్నగా తిరిగి మొదలైన చోటికే వచ్చి కలిసింది. ఆ చేత్తో ఆయన ఎన్ని వేల గుడ్డల మీద సుద్దతో గీసి ఉంటాడో. అంచులు చూస్తే ఆమె బిగించే తీరు కాదు, మడత పెట్టి లోపలికి తోసిన తీరు. ఆమె వంగింది. ముక్కుకు మందు వాసన ముందు తగల్లేదు. టీ వాసన తగిలింది, ఆ మరకలోంచే.

మేస్త్రీ మంచం పక్క స్టూలు మీద గ్లాసు ఖాళీగా ఉంది.

ఆమె మొగుడి వంక చూసింది. ఆయన ఆమె వంక చూశాడు.  ఆయన కళ్ళలో దొరికిపోయిన దొంగ చూపు లేదు. బేరం చేసే చూపూ కాదది. ఈ ఒక్కటి చెయ్యవే అని పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏనాడూ ఆమెను అడగలేదు. కుట్టుపని తెచ్చి ఇంట్లో పడేసినా, కోపంతో గిన్నె విసిరినా, ఆయన అడిగే మనిషి కాదు. ఇప్పుడు అడుగుతున్నాడు.

"కట్లక్కా, మన టైలర్ గారి సంగతేంటి?" డాక్టరమ్మ అప్పటికే మంచం కాళ్ళ దగ్గరికి వచ్చేసింది. ఆవిడా పొద్దున్నుంచీ నిలబడే ఉంది, కళ్ళ కింద నల్లగా ఉంది. కట్టు వైపు వంగి చూసింది. "గీత లోపలే ఉందే. డ్రైయేనా?"

డ్రై. అనేస్తే అయిపోతుంది. డాక్టరమ్మ తలాడిస్తుంది, మధ్యాహ్నానికి ఇంటికి పంపుతారు. రేపు ఆయన్ని ఇంట్లో వదిలి ఒక్క పూట పనికి రావొచ్చు, వచ్చి ఒక్క కాలి గురించి కూడా ఏడవకుండా వెళ్ళిపోవచ్చు. లోపల ఏముందో ఆమె ఇంకా చూడలేదు. చూడనిదాన్ని తెలియదనుకోవచ్చు. ఏమో, నిజంగానే ఆరుతోందేమో. కట్టు మార్చినవాడు కట్టు మార్చాడు గానీ, లోపల బాగుండే మార్చాడేమో, ఊరికే భయపడి మార్చాడేమో.

బాగుంటే ఎవడు టీ పోసుకుంటాడు?

"ఊజింగ్, మేడమ్."

"ఎక్కడ? పొడిగా ఉందిగా?"

"కింద. ఇది నేను కట్టిన కట్టు కాదు."

టైలరు కళ్ళు మూసుకున్నాడు. డాక్టరమ్మ చేతులకు తొడుగులు వేసుకుంది. కట్లక్క కత్తెర అందుకుని పై కట్టు కోసింది. దాని కింద దూది పొర. ఆ దూది కింద ఆమె కట్టిన కట్టే ఉంది, వంకర గీతతో సహా. ఆ గీత ఇప్పుడు పసుపుపచ్చని తడి మధ్యలో, చెరువు నిండాక మునిగిన గట్టులా ఉంది. తడి మడమ వైపు సాగి ఉంది. దాని వాసన ఏమిటో ఆ వార్డులో చెప్పాల్సిన పని లేదు.

"ఈ పై గీత ఎవరు గీశారండీ?" అంది డాక్టరమ్మ, కేకేయలేదు.

"నేనే," అన్నాడు టైలరు, కళ్ళు తెరవకుండానే.

"బాగా గీశారు." ఆవిడ తొడుగులు తీసి బుట్టలో వేసింది. "ఇవాళే థియేటర్. మడమ నిలబెట్టడానికి చూస్తాను. రేపటిదాకా ఆగితే చూడ్డానికి కూడా ఏం ఉండదు."

స్ట్రెచర్ మీదకు ఎక్కించేటప్పుడు ఆయన అందరూ వినేలా అన్నాడు. "తినేశావ్ కదే. నా కాలు తినేశావ్."

ఆమె స్ట్రెచర్ తలవైపు దుప్పటి సర్ది, తోసేవాళ్ళకు దారిచ్చింది. తలుపు దాకా వెంట వెళ్ళింది. తలుపు అవతలికి ఆమెకు పని లేదు. వెనక్కొచ్చి బండి పట్టుకుంది. తర్వాత మంచం మేస్త్రీది.

"టీ నాదే అక్కా," అన్నాడు మేస్త్రీ గొంతు దించి. "బావ అడిగితే కాదనలేకపోయాను. తాగడానికేమో అనుకున్నా ముందు."

"ముందు అనుకున్నావు. తర్వాత?"

"తర్వాత నీ బండి మీది కట్టుచుట్టా, పెన్నూ తెమ్మంటే తెచ్చాను, సిస్టరొస్తుందేమో చూడమంటే చూశాను."

"చెయ్యి చాపు."

ఆమె కట్టు విప్పింది, వేలితో నొక్కింది, గాజుగుడ్డ అద్ది వెలుతురులో పెట్టి చూసింది. గుడ్డ తెల్లగా ఉంది. ఎన్ని వారాలుగానో వాడు ఎదురుచూసిన మాట అది. డాక్టరమ్మ ఇంకా రెండు మంచాల అవతలే ఉంది.

"డ్రై, మేడమ్," అంది కట్లక్క గట్టిగా.

రాడ్డు కుదిరిందో లేదో ఎక్స్‌రే చూశాకే పంపుతానంది డాక్టరమ్మ. మేస్త్రీ సంతోషించాలో వద్దో తెలియక తల గోక్కున్నాడు.

మడమ నిలిచింది. మిగిలిన వేళ్ళూ, పాదం ముందు భాగమూ పోయాయి. ఆయన తెలివి వచ్చాక కాలి వైపు చూసుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం అంటే నోరు మూసుకోవడం కాదు. కట్టుకున్నదాన్ని ఎదురుగా పెట్టుకుని పక్క మంచానికి చెప్పడం.

"మేస్త్రీ, ఆవిడ్ని దిండు సర్దమను."

"అక్కా, దిండు సర్దమంటున్నాడు బావ."

"విన్నాను."

"మేస్త్రీ, నాకు ఆకలి లేదని చెప్పు."

"అక్కా, బావకి ఆకలి..."

"ఆకలి లేకపోయినా షుగరు మాత్ర వేసుకున్నాక తినాలని చెప్పు."

"బావా, అక్క ఏమంటోందంటే..." అని మొదలుపెట్టి మేస్త్రీ విసిగిపోయాడు. "ఇదేం కొలువు నాకు? ఇంట్లో పెళ్ళాంతోనే నేనింత మాట్లాడలేదు."

కట్లక్క రోజూ ఆయన కట్టు చూసేది. గీతను చూసేది, ముఖాన్ని కాదు. ఆయన కూడా ఆమె తల పాపిడి చూసేవాడేమో, పైకప్పు చూసేవాడేమో. కొత్త గీత రోజురోజుకీ లోపలే ఉండిపోతోంది. ఆ సంగతి రౌండ్లలో ఆమె అందరికీ చెప్పినట్టే చెప్పింది. ఆయన విననట్టు ఉన్నాడు.

మేస్త్రీ ఒక ఉదయం ఒంటి చేత్తో సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ టైలరు భుజం తట్టి, "బావా, ఇంక నీకు నోరు లేదు. నీదే వాడుకో," అన్నాడు. ఆ మంచం మీదకు చెవులు సరిగా వినపడని పెద్దాయన వచ్చి పడుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కట్లక్క గిన్నె తెచ్చింది. ఆయన తిన్నాడు. గిన్నె ఖాళీ చేసి పక్క మంచం వైపు తిరిగి, "పెద్దాయనా," అని మొదలుపెట్టాడు. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మరోసారి పిలిచాడు. లాభం లేకపోయింది.

గిన్నె పక్కన పెట్టాడు. తర్వాత ఎటూ చూడకుండా అన్నాడు. "వేళ్ళు దురద పెడుతున్నాయి."

"ఏ వేళ్ళు?"

"పోయినవి."

"పెడతాయి. అందరికీ పెడతాయి కొన్నాళ్ళు."

"పెడితే ఏం చెయ్యాలి? గోక్కోడానికి ఏం ఉంది అక్కడ?"

"రెండో కాలివి గోకితే కొందరికి తగ్గుద్ది."

"నాకు వంగడానికి రావట్లేదు."

ఆమె అటూ ఇటూ చూసింది. సిస్టరు బల్ల దగ్గర ఎవరితోనో మాట్లాడుతోంది. కట్లక్క మంచం చివర అంచు మీద, సగమే ఆనేట్టు కూర్చుంది. ఎడమకాలి మీద దుప్పటి పక్కకు తీసి, వేళ్ళ సందుల్లో గోటితో మెల్లగా గోకింది. ఆయన ఊపిరి వదిలాడు.

"అక్కడ కాదు. చిటికెన వేలు."

"చిటికెన వేలు ఇది."

"దాని పక్కది."

ఆమె గోకుతూ ఉంది. బయట ఎక్కడో ఏదో మోటారు ఒకే స్వరంతో నడుస్తోంది. కొంతసేపటికి ఆమె తల ఒక పక్కకు ఒరిగి, భుజం మంచం చువ్వకు ఆనింది. చెయ్యి ఆయన పాదం మీదే ఆగిపోయింది. ఆయనకు దురద ఇంకా పోలేదు. పిలుద్దామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, కాలు కదలకుండా పెట్టుకున్నాడు.